రెండు దీవుల అన్నం వండిన సత్తు డేగిసా

నేను ఒక సత్తు డేగిసాను. వెండిని కానని నాకు తెలుసు, ఇత్తడిని కూడా కాను. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరలో ఉన్న చిన్న కార్ఖానాలో, వీరభద్రాచారి అనే పనివాడు గుండ్రటి సత్తు రేకును తిరిగే అచ్చుకు బిగించి, ఇనుపకడ్డీతో ఒత్తి ఒత్తి నాకీ కడుపు తెచ్చాడు. నలభై మందికి అన్నం ఉడికే కడుపు. తర్వాత రెండు చెవులు పెట్టి రివెట్లు కొట్టాడు. గోడలకు చెవులుంటాయని మనుషులు తెగ భయపడతారు గాని, నిజంగా చెవులున్న నా ముందు మాత్రం ఏ మొహమాటమూ లేకుండా అన్నీ మాట్లాడేసుకుంటారు. నాకీ కథ తెలిసింది అలాగే.

నన్ను మొదట కొన్నది మైలపిల్లి ఎర్రయ్య. భీమిలి మనిషి, సరుకు ఓడలో వంటవాడు. రెండేళ్లు అతనితో సముద్రాలన్నీ తిరిగాను. చివరికి ఓడ యజమాని దివాలా తీసి, మమ్మల్ని బహామాస్ రేవులో వదిలేసి చేతులు దులుపుకున్నాడు. బహామాస్ అంటే అమెరికా పక్కన, అట్లాంటిక్‌లో చెదిరి ఉన్న దీవుల దేశం. మనలాగే ఇంగ్లీషువాళ్ల కింద ఉండి బయటపడింది. రేవున్న నాస్సా పట్నం దాని రాజధాని.

ఆ రేవుకు వారానికోసారి ఆండ్రోస్ దీవి నుంచి టపా పడవలో ఈనిడ్ స్వీటింగ్ అనే ఆవిడ నేలపీతలు అమ్ముకోవడానికి వచ్చేది. బియ్యం నిండుకుని మావాళ్లు టీ నీళ్లతో బతుకుతున్నారని చూసి, ఓడలోకి ఎక్కి, నన్నే పొయ్యి మీద పెట్టి పీతల అన్నం వండింది. అలా నెల రోజులు. మావాళ్లకు విమానం టిక్కెట్లు వచ్చిన రోజున ఎర్రయ్య నన్ను ఆవిడ చేతిలో పెట్టాడు.

"నెల్లాళ్లు మాకు కూడెట్టినావమ్మా. ఈ డేగిసా నువ్వే ఉంచేసుకో. ఇమానంలో నాను మొయ్యలేను."

ఆవిడకు ఒక్క ముక్క తెలుగు రాదు, అయినా అంతా అర్థమైంది. అర్థమై ఊరుకుందా? మర్నాడు పొద్దున్నే తాటాకుతో అల్లిన మూడు బుట్టలు తెచ్చి ఎర్రయ్యకు ఇచ్చేదాకా ఆవిడ మనసు కుదుటపడలేదు. నెల రోజుల తిండి మాట మరిచిపోయింది, పుచ్చుకున్న డేగిసా మాత్రం ఆవిడకు బరువైపోయింది.

ఆ పిచ్చి ఎక్కడిదో ఆండ్రోస్ వెళ్లాక తెలిసింది. ఈనిడ్ తాత, తండ్రి సముద్రం అడుగున పెరిగే స్పంజి తీసి అమ్మేవాళ్లు. పడవ కదలక ముందే షావుకారు పిండీ నూనే ముందుగా ఇచ్చేవాడు. తెచ్చిన స్పంజికి ధర కట్టేవాడూ ఆయనే. ఎంత తెచ్చినా బాకీ తీరేది కాదు. ఒక ఏడాది ఏదో తెగులు తగిలి సముద్రంలో స్పంజి అంతా చచ్చిపోయింది. బాకీకి మాత్రం ఏ తెగులూ తగల్లేదు. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాళ్లను చూశాను గాని, అప్పు తీర్చడం కోసమే పుట్టినవాళ్లను అక్కడే చూశాను.

అందుకే ఈనిడ్ తన కూతురు లవర్న్‌కు ఎక్కాలతో పాటు ఒక మాట నేర్పింది. "పిల్లా, ఎవరింటి గిన్నె మనింట్లో తెల్లారకూడదు. కడిగి, దాన్నిండా ఏదో ఒకటి పెట్టి, ఇచ్చేసి రా. మనం ఎవరికీ తలొంచక్కర్లేదు."

వాళ్ల ఊరు పేదదే. ఒంట్లో సత్తువున్న వాళ్లందరూ నాస్సాలో హోటళ్లకు వెళ్లి పరాయి దేశాల వాళ్ల పక్కలు సర్దేవాళ్లు. బియ్యం మయామి నుంచి పడవలో రావాలి, రేవులో సుంకం కట్టాలి. కానీ జెండా వాళ్లది, ప్రధానమంత్రి వాళ్లవాడు. ఇంటి నేల తాతల పేరు మీద ఉమ్మడిగా ఉండేది, అమ్మడానికి ఎవరికీ హక్కు లేదు, గుడిసె వేసుకోవడానికి అందరికీ ఉంది. ఈనిడ్ ఆ నేలలో కందులు పండించి, కొబ్బరిపాలతో నాలో కందుల అన్నం వండి, దగ్గరలో ఉన్న అమెరికా నౌకాదళం వాళ్ల స్థావరం గేటు దగ్గర అమ్మేది. కందులు. గోదావరి నుంచి ఇంత దూరం వచ్చినా నాకు కందులు తప్పలేదు.

ఆ గేటులోంచి విసెంటె నపూటి అనే నౌకాదళం మెకానిక్కు రోజూ వచ్చి రెండు పళ్లాలు తినేవాడు. నా అన్నం రుచి అలాంటిదని చాలాకాలం పొంగిపోయాను. చూడగా చూడగా తెలిసింది, అతను వచ్చేది అన్నం కోసం కాదు, వడ్డించే లవర్న్ కోసం. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. కూతురు మొగుడి ఊరికి వెళ్లే రోజున ఈనిడ్ నా కడుపు నిండా దుప్పట్లు కుక్కి పంపింది. నా బదులు మాత్రం లవర్న్ చేత కొత్త గిన్నె కొనిపించుకుంది, కూతురి దగ్గర కూడా బాకీ ఉంచలేదు మహాతల్లి.

విసెంటెది చమోరో జాతి. వాళ్ల దీవి గువాం, భూగోళానికి దాదాపు అటువైపు, ఫిలిప్పీన్స్ దాటాక పసిఫిక్ మధ్యలో ఉంటుంది. స్పెయిన్ వాళ్లు వందల ఏళ్లు ఏలారు, తర్వాత అమెరికా వాళ్లు, మధ్యలో యుద్ధకాలంలో జపాన్ వాళ్లు. ఇప్పటికీ అమెరికాదే. హగత్ అనే ఊళ్లో విసెంటె అమ్మ ఇంటికి చేరాం. ఆవిడ పేరు ఎంగ్రాసియా, కానీ ఊరంతా టాన్ ఎంగ్రాసియా అనే పిలుస్తారు. టాన్ అంటే మన అమ్మగారులాంటి గౌరవం.

కొత్తలో నాకు అంతా పాత చోటులాగే అనిపించింది. ఇక్కడా బియ్యం ఓడలో రావలసిందే. ఇక్కడా హోటళ్లు, కాకపోతే వచ్చేవాళ్లు జపాన్ వాళ్లు. కందుల బదులు జాఫ్రా గింజల నీళ్లతో ఎర్రన్నం వండుతారు, మన మన్యంలో పండే జాఫ్రాయే. పోనుపోను తేడాలు తెలిశాయి. ఇక్కడివాళ్ల చేతుల్లో డాలర్లు ఎక్కువ, కార్లు ఎక్కువ, ఆసుపత్రి దగ్గర. ఆండ్రోస్ పిల్లలు హోటల్ యూనిఫాం వేసుకుంటే, హగత్ పిల్లలు సైన్యం యూనిఫాం వేసుకునేవారు. ప్రతి ఇంటి గోడ మీదా సైనికుడి ఫొటో ఉండేది. అయినా వాళ్లను యుద్ధానికి పంపే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు ఈ దీవిలో ఉన్నవాళ్లకు లేదు. టాన్ ఎంగ్రాసియా పుట్టిన పొలం నౌకాదళం కంచె లోపల ఉండిపోయింది. ఆవిడ వాళ్ల నాన్న నాటిన సీమపనస చెట్టు రోడ్డు మీద నిలబడితే కనిపిస్తుంది. కాయ కోసుకోవాలంటే కాగితం కావాలి. ఏ దీవి మెరుగంటారా? నన్నడిగితే చెప్పలేను. ఒకచోట ఇల్లు సొంతం, కూడు పరాయిది. ఇంకోచోట కూడు నిండుగా ఉంది, ఇంటికి తాళం వేరేవాడి దగ్గరుంది.

లవర్న్‌కు పాప పుట్టింది, మరీనా అని పేరు. నెల తిరక్కుండానే విసెంటె ఓడ ఎక్కి ఏడాది పాటు వెళ్లిపోయాడు. పాపకు బాప్టిజం చేసిన రోజున అతని అక్క మర్గరీటా దగ్గరుండి అంతా నడిపింది. చుట్టాలు పన్నెండు ఇళ్లవాళ్లు వచ్చారు. ఒక్కరూ ఉత్త చేతులతో రాలేదు. ఎర్రన్నం, కాల్చిన పంది, కొబ్బరికోరు కలిపిన కోడికూర, బల్లలు వంగిపోయాయి. లవర్న్ ఆ రాత్రి ఏడ్చింది, సంతోషంతో కాదు. పన్నెండు ఇళ్లకు ఒక్కసారే బాకీ పడిపోయానన్న దిగులుతో.

తెల్లవారుజామున లేచి నన్ను పొయ్యి మీద పెట్టింది. కందుల అన్నం వండింది, చేపలు వేయించింది. వాళ్లు వదిలి వెళ్లిన పన్నెండు పళ్లాలు తళతళలాడేలా కడిగి, తెచ్చినదానికి ఏమాత్రం తగ్గకుండా నింపి, పాపను ఒంటికి కట్టుకుని, తొమ్మిదయ్యేసరికి ఇంటింటికీ తిరిగి ఇచ్చేసి వచ్చింది. వాళ్లమ్మ చూసి ఉంటే మురిసిపోయేది.

ఆ తర్వాత ఆ పన్నెండు ఇళ్లలో ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. ఎదురుపడితే నవ్వేవారు, అంతే. మర్గరీటా వారానికోసారి వచ్చి వాకిట్లోంచే అమ్మను పలకరించి వెళ్లిపోయేది. పాపకు జ్వరం వస్తే లవర్న్ ఒక్కతే ఆసుపత్రికి పరిగెత్తింది. నా మూత మీద చెయ్యి పెట్టి పాపతో అనేది. "నేనేం తప్పు చేశానమ్మా? నీకు నేను తప్ప ఎవరూ లేకుండా పోతారేమో." నాకు ఆ పిల్లను చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఇంత కడుపున్నదాన్ని, ఊరికే అనడం లేదు.

ఆరు నెలలు చూసి చూసి, ఒక సాయంత్రం టాన్ ఎంగ్రాసియా నోరు విప్పింది. వాళ్ల మాటల్ని నా గోదావరి మాటల్లో చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

"అమ్మాయ్, ఆవేళ వాళ్లు నీకు అన్నం పెట్టింది కడుపు నింపడానికి కాదు. రేపు వాళ్లింట్లో పెళ్లో చావో వచ్చినప్పుడు నువ్వు వెళ్లాలని. నువ్వు వెళ్తే మళ్లీ వాళ్లు వస్తారు. అది తెగకూడదు. నువ్వు మర్నాడే ఎంతకంత తీర్చేశావు. అంటే ఏమిటి, మీతో నాకు ఇక పని లేదని తలుపేసినట్టు."

"మరి ఇచ్చెయ్యకపోతే మర్యాద కాదు గదా అత్తయ్యా?"

"ఇవ్వాలి. ఇప్పుడే కాదు. మాకు పొలాలు పోయాయి. కంచె అవతలున్నాయి. మాకు మిగిలిందల్లా ఒకళ్లకొకళ్లం పడి ఉన్న ఈ బాకీయే."

నాకు వెంటనే అర్థమైంది. మా వైపు దీన్నే ఋణానుబంధం అంటారు. వాడికీ నాకూ ఋణం తీరిపోయింది అన్నామంటే మనిషి పోయాడనో, మనసు విరిగిందనో కదా. లవర్న్‌కు మాత్రం తల తిరిగింది. తాతను ముంచిన బాకీయే ఇక్కడ చుట్టరికమంటే ఆ పిల్ల ఎలా నమ్ముతుంది? ముంచిన బాకీ ఒకవైపే నడిచింది, ఇది రెండు వైపులా నడుస్తుంది. అది తెలియడానికి ఆ పిల్లకు ఇంకో వారం పట్టింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగింది చివరికి.

"వెళ్లి మర్గరీటాను ఏదైనా అడుగు."

దానికంటే సముద్రంలో దూకమన్నా దూకేది. ఆండ్రోస్ ఈనిడ్ కూతురు ఒకరి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచడమా? అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు దగ్గర పడింది. లవర్న్ నన్ను ఖాళీగా చంకనెత్తుకుని మూడు వీధులు నడిచింది. రెండుసార్లు వెనక్కి తిరిగింది. మర్గరీటా వాకిట్లోకి వచ్చాక నన్ను దించి, నా రెండు చెవులూ పట్టుకుని నిలబడింది.

"వదినా, అత్తయ్య పుట్టినరోజుకు ఎర్రన్నం వండాలి. నాకు రాదు. బియ్యం కూడా చాలవు."

మర్గరీటా మెట్ల మీద నుంచి కదల్లేదు. "నీకు ఎవరితోనూ పని లేదనుకున్నానే."

"ఉంది. అడగడం మా ఇంట్లో నేర్పలేదు, అంతే వదినా."

మర్గరీటా మెట్లు దిగి వచ్చి నన్ను అందుకుంది. "ఎంతమందికి?" అంది.

ఆ పుట్టినరోజుకు పన్నెండు ఇళ్లవాళ్లూ వచ్చారు. పండగయ్యాక నేను మర్గరీటా ఇంటికి చేరాను, ఆమె పళ్లాలు లవర్న్ ఇంట్లో ఉండిపోయాయి. ఆ పళ్లాలు తిరిగివ్వకుండా ఉండడానికి లవర్న్ పడ్డ అవస్థ చూడాలి. రోజూ కడిగేది, తుడిచేది, గుమ్మం దాకా తెచ్చేది, మళ్లీ లోపల పెట్టేది. ఈ సంగతి నాకు మరీనా చెప్పింది, మాటలొచ్చాక, మర్గరీటా వంటపాకలో కూర్చుని నవ్వుతూ.

తొమ్మిదేళ్ల తర్వాత ఆండ్రోస్ నుంచి ఈనిడ్ పోయిందని ఫోను వచ్చింది. అంత్యక్రియలు మూడో రోజునే. నాలుగు విమానాలు మారాలి, విసెంటె మళ్లీ సముద్రం మీదున్నాడు, లవర్న్ వెళ్లలేకపోయింది. క్యాథలిక్కులైన చమోరోలకు పోయినవాళ్ల కోసం తొమ్మిది రోజులు జపమాల చెప్పే ఆచారం. ఈనిడ్ బాప్టిస్టు. ఆవిడ జన్మలో జపమాల పట్టి ఉండదు. పైగా ఆవిడ మొహం ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఎవరొస్తారులే అని లవర్న్ వరండాలో నాలుగు కుర్చీలు వేసింది.

మర్గరీటా నన్ను నిండా ఎర్రన్నంతో కారులో పెట్టుకుని వెళ్లేసరికి వీధి చివరిదాకా కార్లు. తొమ్మిది సాయంత్రాలూ అంతే. ఒక ముసలాయన, అసలు ఆ ఇంటికి ఏ వైపు చుట్టమో కూడా నాకు తెలియదు, ఈనిడ్ పేరును నోరు తిరక్క మూడు రకాలుగా పలుకుతూ తొమ్మిది రోజులూ ప్రార్థన చేశాడు. చివరి రోజు లవర్న్ మర్గరీటా భుజం మీద తల పెట్టి గట్టిగానే ఏడ్చింది. "మా అమ్మ ఇది చూస్తే భయపడిపోయేది వదినా. ఇంతమందికి ఎలా తీర్చాలే అనేది."

"తీర్చకు," అంది మర్గరీటా.

ఇప్పుడు నాకు నలభై ఏళ్లు. టాన్ ఎంగ్రాసియా పోయింది, ఆ సీమపనస చెట్టు కంచె లోపలే ఉంది. పోయిన ఏడాది నా అడుగున చిల్లు పడింది. పాత సత్తు కొనుక్కునే లారీ నెలకోసారి హగత్ వస్తుంది. మొన్న మరీనా నన్ను మళ్లీ మర్గరీటా వాకిట్లో పెట్టింది. లారీవాడు చెవి పట్టుకుని ఎత్తి చూసి, ఎవరిదని అడిగాడు.

"మా వదినది, ఆవిడ్ని అడగాలి," అంది లవర్న్.

మర్గరీటా పాకలోంచే జవాబిచ్చింది. "నాదెక్కడిది, లవర్న్‌ది. దాన్ని అడగకుండా ఎలా ఇస్తాను?"

లారీవాడు ఇద్దరి మొహాలూ చూశాడు. నన్ను మళ్లీ నేల మీద పెట్టి, వచ్చే నెల వస్తానని వెళ్లిపోయాడు. పోయిన నెల కూడా అదే మాట అన్నాడు.