శాంతవ్వ అన్నం పెట్టిన కెమెరా

పొద్దున చాయ్ తాగి భూమేశ్ ఎరువుల దుకాణానికి వెళ్లిపోగానే పద్మలత కుట్టుమిషన్ ముందు కూర్చునేది. ఒక కన్ను సూది మీద, ఇంకో కన్ను దారపుడబ్బాకు ఆనించి నిలబెట్టిన ఫోన్ మీద. ఫోన్‌లో ఎల్లారెడ్డిలోని ఆమె పుట్టిల్లు కనిపించేది. వాకిలి, నల్లా, నల్లా పక్కన బోర్లించిన బిందెలు, అరుగు మీద చాట ముందేసుకుని బీడీలు చుట్టే తమ్ముడి భార్య ప్రవళిక, ఆమె పక్కనే తునికాకు కత్తిరించే తల్లి శాంతవ్వ. కామారెడ్డిలో ఆ వీధి ఆడవాళ్లంతా ఆ వేళకు సీరియళ్లు చూస్తారు. పద్మలత పుట్టింటిని చూసేది. అనుమానాల సంగతికొస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఆ కెమెరా కొని పంపింది ఆమే. తమ్ముడు చరణ్ దుబాయిలో ఉంటాడు, ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు, దొంగల భయం అని అందరికీ చెప్పింది. అసలు భయం దొంగలది కాదు. ఆ ఇంట్లో వెనక ఒక అర్ర ఉంది. పెళ్లికి ముందు ఆమె పడుకున్న అర్ర అది. ఆమె బీరువా, పాత పుస్తకాలు ఇంకా అందులోనే ఉన్నాయి. "గా అర్ర ఎప్పటికైనా నీదే అక్కా" అని చరణ్ ఆమె అత్తారింటికి బయలుదేరిన రోజే మాటిచ్చాడు. భూమేశ్ చెయ్యి లేచిన రోజుల్లో పద్మలత మనసు ఆ అర్రలోకి పోయి గడియ పెట్టుకునేది. ఆ దెబ్బల సంగతి పుట్టింట్లో ఏనాడూ చెప్పలేదు. ఫోన్ చేస్తే "బాగున్న అవ్వా" అనేది. ఆ అర్ర ఒక్కటి పోతే ఇక ఈ భూమ్మీద తనకు చోటు లేదని మాత్రం ఆమెకు బాగా తెలుసు.

ఆ సంగతి భూమేశ్‌కూ తెలుసు. అందుకే అన్నం తింటూ తింటూ పుల్ల పెట్టేవాడు.

"మీ తమ్ముడు ఆడ, పెండ్లాం ఈడ. మీ అవ్వను మంచిగ చేసుకొని మొత్తం ఇల్లు మింగుతది సూడు గామె. నీకు గా అర్ర గూడ దక్కదు."

ఆ మాట ఆమె చెవిలో దూరి అక్కడే కాపురం పెట్టింది.

కెమెరా బిగించింది సిద్దార్థ. కామారెడ్డి కుర్రాడే, ఎల్లారెడ్డి దాకా అతనికి గిరాకీ ఉంది. పద్మలత ఫోన్‌లో యాప్ ఎక్కించి, పేరూ పాస్‌వర్డూ కొట్టి, ఓపికగా చెప్పాడు.

"అక్కా, బొమ్మ ఒక తొవ్వల వస్తది, మాట ఇంకో తొవ్వల వస్తది. రెండు వచ్చి నీ ఫోన్ల కలుస్తయి. గీ మైకు గుర్తు ముడితేనే నీ మాట వాళ్లకు వినవడ్తది. ముట్టకుంటె నువ్వు వింటున్నట్టు గూడ తెల్వది."

పక్కనే నిలబడ్డ భూమేశ్ తన ఫోన్ కూడా ముందుకు చాచాడు. "నా దాంట్ల గూడ ఎక్కియ్. ఇగ పుట్టింటికి పోయినప్పుడు ఏం చేస్తదో నాకు గూడ తెల్వాలె గదా" అని నవ్వాడు. పద్మలత నవ్వలేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. బొమ్మ తేటగా వచ్చేది, కత్తెర ఆకు మీద కదిలే చప్పుడు కూడా వినిపించేది. దసరా దాటాక కెమెరా తీరు మారింది. అత్తాకోడళ్లు మామూలు మాటలు మాట్లాడుకున్నంత సేపు అన్నీ వినిపించేవి. దగ్గరకు జరిగి గొంతు తగ్గించారో, ఫోన్‌లో పిండిగిర్ని మొదలయ్యేది. కడకడమని ఒకటే మోత. ఆ వాడలో గిర్ని మూతపడి చాలా ఏండ్లయింది. పద్మలత ఫోన్‌ను చెవికి అదుముకుని వినేది. మోతలో నుంచి "వదిన", "అర్ర", "చెప్పద్దు" అని ముక్కలు మాత్రం చిక్కేవి. ఆ ముక్కలతో ఆమె రాత్రికల్లా పెద్ద కథే కుట్టుకునేది.

తర్వాత మేస్త్రీ వచ్చాడు. హైదర్ మేస్త్రీని ఆమె గుర్తుపట్టింది, ఆ ఇంటి అరుగు కట్టింది అతనే. చేతిలో టేపు పట్టుకుని నేరుగా వెనక అర్ర వైపు నడిచాడు. పద్మలత మిషన్ ఆపేసింది. అంతలో కెమెరా మెల్లగా మెడ తిప్పి, ఎదురింటి గోడను చూడడం మొదలుపెట్టింది. ఆమె ఫోన్ మీద వేలితో ఎంత జరిపినా అది గోడ విడవలేదు. గోడ మీద ఏదో ఎరువుల ప్రకటన ఉంది, దాన్నే చదివింది ఆ మధ్యాహ్నమంతా. చీకటి పడే ముందు కెమెరా తిరిగి వాకిట్లోకి వచ్చేసరికి, ఆమె బీరువా అరుగు మీద ఉంది. బీరువా మీద ఆమె పుస్తకాలు, వాటి మీద సిమెంటు దుమ్ము.

తల్లికి ఫోన్ చేసింది. "ఏం నడుస్తున్నది అవ్వా ఇంట్ల?"

"ఏముంటది బిడ్డా. బీడీలు చేస్తున్నం" అంది శాంతవ్వ. అబద్ధం ఆడుతున్న తల్లి గొంతు ఎంత తియ్యగా ఉంటుందో పద్మలతకు ఆ పూట తెలిసింది.

మరునాడు సిద్దార్థను నిలదీసింది. "ఏం కెమెరా ఇచ్చినవ్ తమ్మీ? చూడమన్న కాడ చూడది, వినాలన్న మాట వినియ్యది."

సిద్దార్థ ఏమీ ఆశ్చర్యపోలేదు. "దసరకు మీ అవ్వ దానికి బొట్టు పెట్టిందా?"

పెట్టే ఉంటుంది. శాంతవ్వ ఇంటికి మిక్సీ వచ్చినా, సైకిల్ వచ్చినా పండుగనాడు పసుపూ బొట్టూ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పప్పన్నం ముద్ద ఒకటి దాని మూతికి అంటించేది. ఇంట్లో పని చేసేదాన్ని పస్తు ఉంచొద్దని ఆమె పట్టుదల.

"ఇగ అయిపాయె" అన్నాడు సిద్దార్థ. "గా ఇంటి ఉప్పు తిన్నంక గది గా ఇంటి మనిషే. వాళ్లు దాచిపెట్టుమన్నది చూపియ్యది. ఎల్లారెడ్డిల సగం కెమెరాలు గిట్లనే ఉన్నయి. నువ్వు పంపేముందు నీ చేత్తోని ఒక ముద్ద పెట్టాల్సుండె అక్కా. కొన్నవ్, డబ్బల పెట్టి పంపినవ్."

తప్పు తనదేనని పద్మలతకు అర్థమైంది. తప్పయితే దిద్దుకోవచ్చు. పొద్దున్నే లేచి సర్వపిండి చేసింది, ఉప్పు కాస్త ఎక్కువే వేసింది. వేడిది వేడిగా డబ్బాలో సర్దుకుని, భూమేశ్ దుకాణానికి పోగానే తాళం వేసి ఎల్లారెడ్డి బస్సెక్కింది. లింగంపేట దాటేదాకా మనసులో మరదలితో కొట్లాడుతూనే ఉంది. ముందు కెమెరాను తన వైపు తిప్పుకోవాలి. ఆ తర్వాత తల్లి ముందు నిలబడి, నాకిక పుట్టిల్లు లేదనుకుంటా అని చెప్పేసి రావాలి. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా కళ్లు మండేవి, మళ్లీ కోపం తెచ్చుకుని ఆర్పేది.

వాకిట్లో ఎవరూ లేరు. శాంతవ్వా ప్రవళికా చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినట్టున్నారు. పద్మలత స్టూలు లాక్కుని ఎక్కి, సర్వపిండి ముక్క తుంచి కెమెరా ముందు పెట్టింది.

"తిను. నిన్ను కొన్నది నేను."

కెమెరా ఆమెను చూసింది. తర్వాత ముక్కను చూసింది. కడుపు నిండిన పిల్లవాడిలా మూతి పక్కకు తిప్పుకుంది. ఆమె స్టూలు జరిపి ఆ పక్కకు పోయింది. అది ఈ పక్కకు తిరిగింది.

"వదినా, అది ఇవాళ తిన్నది. ఇందాకనే పెట్టిన" అని వెనక నుంచి వినిపించింది.

ప్రవళిక ఖాళీ చాటతో గడపలో నిలబడి ఉంది. వెనక శాంతవ్వ. స్టూలు మీద చేతిలో పిండిముక్కతో పట్టుబడ్డ మనిషి ఏం పరువు కాపాడుకుంటుంది? పద్మలత అక్కడి నుంచే అరిచింది.

"నా అర్ర ఎవరికి ఇస్తున్నరు? నా బీరువా బయట ఎందుకు పడేసిండ్రు? గుసగుసలు ఏందియి? నేను సచ్చిపోయిననుకున్నరా?"

"దిగు బిడ్డా, పడ్తవ్" అంది శాంతవ్వ.

"దిగ. ముందు చెప్పు."

శాంతవ్వ కూతురి కాళ్ల దగ్గరకు వచ్చి స్టూలును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకునే, తల ఎత్తకుండా చెప్పింది. "నువ్వు మమ్ముల చూసినప్పుడల్లా గా కెమెరా నీ ఇంటి చప్పుడు మాకు తెచ్చి వినిపిస్తుండె."

"నేను మైకు ముట్టనే లేదు."

"ముట్టలేదు. దానంతట అదే తెచ్చింది. నువ్వు గూడ ఈ ఇంటి బిడ్డవే గదా."

ప్రవళిక చాట కింద పెట్టింది.

"ఆయన కొట్టినంక నువ్వు మిషన్ జోరుగ తొక్కుతవ్ వదినా. ఏడుపు పక్కింటికి వినవడొద్దని. మొదటి రోజు ఏదో తొందర పని అనుకున్నం. తర్వాత మిషన్ చప్పుడు కింద నీ ఏడుపు వినవడి ఎరుకైంది. ఆ మిషన్ ఆగేదాక అత్తకు ముద్ద దిగకపోయేది."

"మరి చెప్పద్దు, చెప్పద్దు అన్నరు?"

"చెప్తె నువ్వు వద్దంటవ్. నాకేం గాలేదు, మంచిగున్న అంటవ్. ముందు అర్ర తయారైనంక చెప్దామని చరణ్ అన్నడు."

పద్మలత స్టూలు దిగింది. అనుమానం అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు. ఆ మాటలు కూడా నమ్మకుండా, తన కళ్లతో చూద్దామని వెనక అర్రకు నడిచింది. సున్నం వాసన ఇంకా పచ్చిగా ఉంది. వెనక గోడ కొట్టి, రోడ్డు వైపు కొత్త తలుపు పెట్టారు. ఆ తలుపుకు ఇంకా రంగు వేయలేదు. తలుపు పక్కన కిటికీ, కిటికీ వెలుగు పడే చోట మిషన్ పట్టేంత గచ్చు అరుగు. గిరాకీలు ఇంట్లోకి రాకుండా బయటి నుంచే జాకెట్లు ఇచ్చి పోవచ్చు. తను పెళ్లికి ముందు, ఒక దుకాణం పెట్టుకుంటానని తల్లితో అన్నది అచ్చం ఇలాంటి తలుపు గురించే. ఆమె గోడకు చెయ్యి ఆనించి గట్టిగా, చప్పుడు దాచుకోకుండా ఏడ్చింది. ఇన్ని నెలలు ఈ మనుషుల మీద నిఘా పెట్టినందుకు ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా ఎక్కువగా, ఆకలేసింది.

వాకిట్లో ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. పద్మలత కంచం పట్టుకుని కెమెరాకు ఎదురుగానే కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే గోడ మీది కెమెరాలో నుంచి భూమేశ్ గొంతు ఖంగుమంది.

"అత్తా! పద్మ ఆడికొచ్చిందా? ఇంటికి తాళమేసి ఉన్నది."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆమె వీపు దానంతటదే వంగింది. దాక్కోవడానికి చోటు లేదు, కెమెరా ఆమెనే చూస్తోంది. పక్కనున్న తన ఫోన్ తెరిచింది, అతనికి ఏం కనిపిస్తోందో చూద్దామని.

ఫోన్‌లో వాకిలి ఉంది. నల్లా, బిందెలు, కంచాల ముందు శాంతవ్వా ప్రవళికా ఉన్నారు. వాళ్ల మధ్య ఖాళీ చాప ఉంది. పద్మలత చెయ్యి పైకెత్తి ఊపింది. ఫోన్‌లో ఎవరి చెయ్యీ లేవలేదు. చాప మీద ఎండ పడుతోంది, అంతే.

శాంతవ్వ కూతురి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. ప్రవళిక అన్నం కలుపుతూనే ఉంది. కెమెరాలో భూమేశ్ ఊపిరి కాసేపు బుసబుసమంది.

"ఏంది గీ గిర్ని చప్పుడు, ఏం వినవడ్తలేదు" అని తనలో తను గొణుక్కున్నాడు. "ఈడ లేదు. పిట్లంల వాళ్ల మేనమామ ఇంటికి పోయి ఉంటది." గొంతు తెగిపోయింది.

పద్మలత ఫోన్ బోర్లించింది. "ఎప్పటికైనా ఈడికి వస్తడు అవ్వా."

"రానీ" అంది శాంతవ్వ. "వచ్చేటాలకు నువ్వు ఒక్కదానివి లేవు గదా. హైదర్ రేపు తలుపుకు గడియ పెడ్తడు. నీ మిషన్ తెమ్మని సిద్దార్థకు చెప్దాం. తిను, అన్నం సల్లారుతున్నది."

సాయంత్రం కామారెడ్డి బస్సు హారన్ వీధి చివర మోగింది, మోగి వెళ్లిపోయింది. పద్మలత లేవలేదు. మధ్యాహ్నం మిగిలిన పప్పూ అన్నం ప్రవళిక మళ్లీ వడ్డిస్తుంటే కంచం ముందుకు జరిపింది. పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి, బయట బండి ఆగిన చప్పుడుకు చెవి పెట్టకుండా, ఆమె కడుపునిండా తిన్నది.