పదకొండు అంగుళాలు

నేను ఒక తలుపుని. ఇప్పుడు కాదు, మొదట్లో. భీమిలి దారిలో మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో చలిగదికి తలుపుగా పదహారేళ్ళు పనిచేశాను. రెండు వైపులా రేకు, మధ్యలో నాలుగు అంగుళాల మందాన పసుపుపచ్చని ఫోము. చలి బయటికి పోకుండా, ఎండ లోపలికి రాకుండా అడ్డంగా నిలబడటమే నా ఉద్యోగం. చచ్చిన చేపలు రోజూ నా పక్కనుంచి లోపలికి వెళ్ళేవి, మళ్ళీ బయటికి వచ్చేవి. సముద్రం గురించి నాకు తెలిసిందల్లా వాటి వాసనే. అందుచేత నా దగ్గర సరదా కబుర్లు పెద్దగా ఆశించకండి.

ఫ్యాక్టరీ సామాను అమ్ముడుపోయిన రోజున నా రేకులు ఊడదీసుకుని పోయారు. ఫోము ఎవరికి కావాలి? గోడకి చేరేసి మరిచిపోయారు. అక్కడ నన్ను చూసినవాడు మైలపల్లి దానయ్య. జాలరిపేట మనిషి, పాతికేళ్ళు దాటినవాడు. కెరటాల మీద పలక వేసుకుని నిలబడి జారే ఆట ఒకటుంది కదా, సర్ఫింగ్ అంటారు, అది నేర్పే బడిలో పనిచేసేవాడు. నన్ను వేలితో మీటి చూసి, గోరుతో గీరి చూసి, నెత్తిమీద పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

అతనికి కావలసింది పెళ్ళాం రత్నానికి ఒక బోర్డు. పూర్తి పేరు నూకరత్నం. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆమెది. ఐసు నీళ్ళలో పొద్దస్తమానం చేతులు పెట్టి పెట్టి, వేళ్ళ సందులు ఒరిసిపోయి తెల్లగా పాచిపోయినట్టుండేవి. తెల్లవారుజామున బడివాళ్ళ పాత బోర్డు మీద మొగుడి దగ్గర ఆట నేర్చుకుంది. ఆడపిల్లలకి నేర్పడానికి ఆడమనిషి దొరికితే తీసుకుంటామని బడివాళ్ళు అన్నారు. సొంత బోర్డు ఉండాలి, కెరటం మీద అటూ ఇటూ తిప్పి చూపించాలి. అంతే షరతు. ఆ ఉద్యోగం వస్తే ఆమె చేతులు ఐసులోంచి బయటపడతాయి. మనుషులు నన్ను తలుపుగా ఉన్నప్పుడు ఎన్నడూ అంత ఆశగా చూడలేదు.

దానయ్య చిత్రిక పట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, పెరడంతా పసుపు పిండి చేశాడు. వారం తిరిగేసరికి నాకు ముక్కు వచ్చింది, తోక వచ్చింది. ఇక అడుగున ఫిన్నులు పెట్టడం మిగిలింది. ఫిన్నంటే చేప రెక్కలాంటిదే. అసలు లేకపోతే బోర్డు నీటి మీద సబ్బుబిళ్ళలా జారిపోతుంది. నడుమ ఒక్కటి పెడితే తిన్నగా పోతుంది. దానికి కాస్త ముందు, చెరో పక్కనా ఒక్కొక్కటి చేరిస్తే మనిషి ఒరిగిన వైపుకి తిరుగుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను బోర్లా పడుకోబెట్టి, రత్నం కుట్టుపని టేపు తెచ్చారు. దానయ్య టేపు కొసని నా తోక చివర బొటనవేలితో అదిమి పట్టాడు. గట్టిగా అదిమాడేమో, ఫోములో చిన్న గుంట పడింది. రత్నం పెన్సిలు పట్టుకుంది.

"పక్కన రాసీ, నేకపోతే మర్సిపోతాం," అన్నాడు.

"నువ్వే రాయొచ్చు కదా."

"నా రాత కోడి గెలికినట్టుంటాది. నువ్వు రాయే."

ఎడమవైపు ఒక ఇంటూ గుర్తు, కుడివైపు ఒకటి వేసింది. రెండింటి పక్కనా గుండ్రని అక్షరాలతో 'తోక నుంచి పదకొండు అంగుళాలు' అని రాసింది. నడిమిది తరవాత చూద్దామనుకున్నారు.

నాలుగో రోజు స్నేహితుడి పడవలో ఒక మనిషి తక్కువయ్యాడని దానయ్య వేటకి వెళ్ళాడు. తిరిగి వస్తూ ఏరు సముద్రంలో కలిసేచోట పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళు ఈదుకుని ఒడ్డుకి వచ్చారు. దానయ్య తలకి పడవ అంచు తగిలింది. మూడో రోజున దొరికాడు. సముద్రం బాగా తెలిసినవాడికి ఏమీ కాదని అందరూ అంటూ ఉంటారు. నన్ను గోనెసంచుల కింద పెట్టేశారు.

రెండు నెలల తరవాత గోనెలు తీసినవాడు దానయ్య తండ్రి ఎల్లాజీ. ఫైబరు పడవలకి చిల్లులు పూడ్చే పనివాడు, చేతిలో నైపుణ్యం ఉంది గానీ చదువు లేదు. ఎక్కడైనా వేలిముద్రే. దానయ్య నన్ను చెక్కినన్నాళ్ళూ ఆయన ఒడ్డున ఎవరిదో పడవ పనిలో ఉన్నాడు. నన్ను బోర్లా తిప్పాడు. పెన్సిలు గీతలు చూశాడు. పక్కనే చతికిలబడి ఒక్కొక్క అక్షరం మీదా వేలు తగిలీ తగలకుండా నడిపాడు. కొడుకు చివరిసారి రాసిన రాత అనుకున్నాడు.

కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. కోడలిని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కానీ మగవాళ్ళకి, అందులో పెద్దవాళ్ళకి, ఒక మాట అడగడం కంటే బరువు మోయడమే తేలిక.

పడవలకి వేసినట్టే నాకు గాజుపీచు గుడ్డ చుట్టి, రెజిను అనే గట్టిపడే జిగురు పూశాడు. ఏ పడవకైనా రెజినులో నీలమో ఆకుపచ్చో కలిపే మనిషి, నాకు రంగు కలపలేదు. అక్షరాలు అడుగున నీళ్ళలో ఉన్నట్టు కనిపిస్తూ ఉండిపోయాయి. పేటలో వాళ్ళు "రంగెయ్యవేటి ఎల్లాజీ?" అంటే "అక్కర్నేదు" అనేవాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. పక్క ఫిన్నులు పెట్టాలంటే ఆ గుర్తుల దగ్గరే కొయ్యాలి. కోస్తే రాత పోతుంది. ఎల్లాజీ ఆ మాట చెప్పుకోలేక పడవల శాస్త్రం తీశాడు.

"పడవకి సుక్కాని ఒకటే ఉంటాదమ్మా. మూడు సుక్కాన్ల పడవని ఎవులైనా సూసినారా?"

"ఇది పడవ కాదు మావా!"

మొదట నడుమ ఒక్క ఫిన్ను పెట్టాడు, అరచేయి అంత. రత్నం సెలవురోజున నన్ను నీళ్ళలోకి తీసుకుపోయింది. నాకు అదే మొదటి సముద్రం. చలిగదికి బయట ఇంత చోటుందని నాకు అంతవరకూ తెలియదు. కెరటం లేచింది, ఆమె నిలబడింది, నేను ఒడ్డుకి తిన్నగా పోయాను. ఆమె ఎంత ఒరిగినా తిన్నగానే పోయాను.

చుక్కాని ఎంత వెనక ఉంటే పడవ అంత బాగా తిరుగుతుందని ఎల్లాజీ లెక్క. పడవలో చుక్కానిని మనిషి చేత్తో తిప్పుతాడు, నా ఫిన్ను కదలకుండా అతుక్కుని ఉంటుంది, ఆ తేడా ఆయనకి తట్టలేదు. ఫిన్ను ఊడదీసి వెనక్కి, తోక చివరికంటా జరిపాడు. దాని కోసం గాడి కోసింది ఎక్కడనుకున్నారు? దానయ్య బొటనవేలు అదిమిన గుంట మీద. నా ఒంటి మీద అతనిది అంటూ మిగిలింది అదొక్కటే. జీవితమంతా వేలిముద్ర వేసిన మనిషి, కొడుకు వేలిముద్రని రంపంతో పొడి చేసి నోటితో ఊదేశాడు. పెన్సిలు గీతల మీద పొడి పడకుండా మాత్రం ముందుగానే తువ్వాలు కప్పాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి మాకు వీలుండదు.

అలా జరిపాక నేను ఇంకా మొండినయ్యాను. ఆ తరవాత గుర్తులకి బాగా వెనకగా, అంచుల్లో రెండు చిన్న ఫిన్నులు అతికించి చూశాడు. ఈసారి తోక నిలవక గిర్రున తిరిగిపోయి రత్నాన్ని రెండుసార్లు ముంచాను. అవి పీకి మళ్ళీ వెనకదే పెట్టాడు. ఏడాది గడిచింది. మావకి తను ఆ ఉద్యోగంలో చేరడం ఇష్టం లేదని రత్నం అనుకుంది. కోడలికి కొడుకు రాత మీద మమకారం లేదని ఎల్లాజీ అనుకున్నాడు. ఒకే కుండలోంచి అన్నం వడ్డించుకుని తినేవాళ్ళు, ఈ ఒక్క విషయం మాత్రం మాట్లాడుకోలేదు.

అప్పటికీ ఖాళీగానే ఉన్న ఆ ఉద్యోగానికి బడివాళ్ళు పెట్టిన పరీక్ష రోజు రానే వచ్చింది. ఎల్లాజీ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. బడి పెద్దాయన నన్ను తిరగేసి, ఒక్క ఫిన్ను చూసి, "దీంతో కష్టం అమ్మా. మా బోర్డు ఇస్తాను, దాని మీద చూపించు," అన్నాడు. మంచి మనిషే. రత్నం ఒడ్డు వైపు చూసింది. ఆ ఉతికిన చొక్కా చూసింది.

"వద్దు సార్. ఇది మా మావ సేసింది. దీని మీదే ఎక్కుతాను."

మూడు కెరటాలు ఇచ్చారు. మొదటిదాని మీద తిన్నగా పోయాను. రెండోదాని మీదా అంతే. మూడోసారి ఆమె ఉన్న బలమంతా కాలి మడమలో పెట్టి తొక్కింది. ఫిన్ను పట్టు తప్పింది, నేను అడ్డంగా తిరిగి ఆమె కనుబొమ మీద కొట్టాను. కావాలని కాదు. నా గురించి మీరేమనుకున్నా ఆ ఒక్క మాట నమ్మండి. ఉద్యోగం వేరే అమ్మాయికి వెళ్ళింది.

సాయంత్రం పెరట్లో రత్నం పసుపు అద్దిన కనుబొమతో మావ ముందు నిలబడింది. ఏడాదిగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"గుర్తులు కళ్ళెదర ఉన్నాయి కదా! అక్కడ కొయ్యి మావా అని ఎన్నిసార్లు సెప్పినాను? నేనెటో ఎల్లిపోతానని బయమా? నేకపోతే జీవితకాలం రొయ్యల్లోనే సావమనా?"

ఎల్లాజీ నా అడుగున ఉన్న గీతలకి అరచేయి అడ్డం పెట్టాడు.

"అది ఆడి రాత కదమ్మా," అన్నాడు. "కోసేత్తే ఇంకేటుంది నాకు?"

రత్నం నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. 'అది నా రాత మావా' అంటే ఏడాది పొరపాటు అక్కడితో ఆగిపోయేది. నేను ఊపిరి బిగబట్టాను అని మీవాళ్ళయితే రాసుకుంటారు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. చీర కొంగుతో మొహం తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏటి రాసినాడో సెప్పమ్మా," అన్నాడు ముసలాయన. "ఇన్నాళ్ళూ అడగనేదు. పైవాళ్ళని అడగబుద్ధి కానేదు."

"తోక నుంచి పదకొండు అంగుళాలు," అని చదివింది రత్నం, వేలు పెట్టి, మెల్లగా.

"అంతేనా?"

ఆమె రెండో గుర్తు పక్కనున్న తన అక్షరాల మీదికి వేలు జరిపింది.

"ఇంకా ఉంది మావా. 'ఇక్కడ నాన్న కొయ్యాలి' అని రాసినాడు."

ఎల్లాజీ నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మర్నాడు పొద్దున్నే బ్లేడు తీసుకుని, అక్షరాలు చెదరకుండా వాటి చుట్టూ కోశాడు. నాలుగు వేళ్ళంత ముక్కలు రెండు వచ్చాయి. చుట్టల డబ్బా కడిగి ఆరబెట్టి అందులో పెట్టుకున్నాడు. ఆ గాళ్ళలో ఫిన్నులు కూర్చి, నడిమిదాన్ని కాస్త ముందుకి తెచ్చాడు.

ఆ ఆదివారం రత్నం కుడికి ఒరిగింది, నేను కుడికి తిరిగాను. ఎడమకి ఒరిగింది, ఎడమకి తిరిగాను. నాకు చాలా సంతోషం వేసింది, దాచుకోను. ఒడ్డున ముసలాయన చొక్కా జేబులో డబ్బా పట్టుకుని "తిరిగిందే! తిరిగిందే!" అని అరుస్తూ నీళ్ళ అంచున పరిగెత్తాడు. చూడవలసినవాళ్ళు చూసేసి వెళ్ళిపోయిన తరవాత నేను తిరగడం నేర్చుకున్నాను. సోమవారం పొద్దున ఆమె మళ్ళీ ఐసులో చేతులు పెట్టింది.

రెండేళ్ళు అలా సెలవు దినాల్లో తిరిగాం. ఒక తుపాను మర్నాడు రాళ్ళ మీద పడి రెండు ముక్కలయ్యాను. ఫిన్నులున్న సగాన్ని సముద్రం తీసుకుపోయింది. ఆ చలికాలంలోనే ఎల్లాజీ కూడా పోయాడు. షెడ్డులో చేతులు మరీ పాడవడంతో రత్నం అది మానేసి చేపల బుట్ట ఎత్తుకుంది. నా ముక్కువైపు సగాన్ని గుండ్రంగా కోసి బుట్టకి మూత చేసుకుంది. మళ్ళీ ఐసు, మళ్ళీ చచ్చిన చేపలు. తిరిగి తిరిగి పాత ఉద్యోగంలోకే వచ్చాను.

మొన్న పొద్దున పక్కింటి చిట్టెమ్మ వచ్చింది. దానయ్య పటం పక్కన డబ్బా కనిపిస్తే తెరిచి, ముక్కలు చేతిలోకి తీసుకుంది.

"ఎవులి రాతే ఇది? ముత్యాల్లాగుంది."

"మా ఆయనది," అంది రత్నం, నా కింద ఐసు సర్దుతూ. "ఆయన రాత సక్కగా ఉండీది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఏ తడబాటూ లేదు. డబ్బా అందుకుని మూత పెట్టి పటం పక్కన ఉంచింది. నా మీద తడిగుడ్డ కప్పి, బుట్ట నెత్తికెత్తుకుని ఏడున్నర బస్సుకి బయలుదేరింది.