కాంటాక్ట్ పేజీ

పిల్లలు ప్రాజెక్టుగా ఇచ్చిన నలభై వెబ్‌సైట్లూ తెరిచి చూసేసరికి నేత్రకు ఒళ్లు మండిపోయింది. అన్నీ ఒకటే పూల అంగడి. ఒకడు గులాబీలను ఎర్రగా పెడితే ఇంకొకడు పసుపుగా పెట్టాడు, అంతే తేడా. ఆరు నెలలుగా బాగేపల్లి నుంచి బస్సులో నిలబడి చింతామణి కాలేజీకి వచ్చి, గొంతు చించుకుని చెప్పిన వెబ్ ఇంజనీరింగ్ పాఠాలు ఈ రంగుల దగ్గరే ఆగిపోయాయి.

"ఇది ఎవురు చేసినారు?" అని ల్యాబులో నిలబడి అడిగింది.

"మేమే మేడం," అంది క్లాసంతా, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

"ఈ బటన్ నొక్కితే ఏమైతాదో చెప్పు, నాగేశ్."

ముందు వరసలోని నాగేశ్ పళ్లికిలించాడు. "నొక్కితే తెలుస్తాది మేడం."

క్లాసు గొల్లుమంది. నేత్ర మార్కుల పట్టీ తీసి వరసగా సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. నవ్వులు ఆగిపోయాయి. ఎవరు కబురు పెట్టారో గానీ, పావుగంటలో విభాగాధిపతి మునికృష్ణప్ప దిగాడు.

"ఏమ్మా, పిల్లోళ్లు అంత కష్టపడి చేస్తే సున్నాలా? ఇరవైకి పద్దెనిమిది వేసి పంపించు," అన్నాడు అందరి ముందే. "నువ్వు గెస్ట్ లెక్చరర్‌వి. వచ్చే ఏడు నీ ఆర్డర్ మీద సంతకం పెట్టాల్సింది నేనే. గ్యాపకం పెట్టుకో."

ఆ సంతకం లేకపోతే ఆమెకు ఉద్యోగం లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, క్లాసుకూ తెలుసు. నేత్రకు భయం వేసింది. భయం కంటే అసహ్యం ఎక్కువ వేసింది.

"సరే సార్. పనిచేస్తాండాదో లేదో చూసి వేస్తాను."

నాగేశ్ సైటులో కాంటాక్ట్ పేజీ తెరిచింది. అక్కడ రాసింది ఎవరికి చేరాలో ఆ మెయిల్ చిరునామా నలభై సైట్లలోనూ ఒక్కటే. ఎవరిదో ఆమెకు తెలియదు. 'పూలు యాడ దొరుకుతాయి?' అని కొట్టి పంపింది.

మునికృష్ణప్ప చొక్కా జేబులో ఫోన్ టింగుమంది.

ఆయన పట్టించుకోలేదు. నేత్ర పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్లి రంజిత సైటులోంచి పంపింది. మళ్లీ టింగుమంది. మూడో సైటు, మళ్లీ అదే. నాలుగోసారికి నాగేశ్ ఆయన జేబు వైపు చూశాడు, తర్వాత క్లాసంతా చూసింది. తమకు ఈ ప్రాజెక్టు అమ్మిన జెరాక్స్ అంగడివాడి వెనక ఎవరున్నారో వాళ్లకూ అప్పుడే తెలిసింది. మునికృష్ణప్ప ఫోన్ తీసి చూసి, మొహం మాడ్చుకుని దాని నోరు మూయించాడు.

"ఇంక చాలమ్మా."

"చాలు సార్. బాగా పనిచేస్తాండాది. చేసినోళ్లకు మార్కులు ఇయ్యాల్సిందే."

నలభై సున్నాల కింద నలభై ఒకటో పేరుగా మునికృష్ణప్ప అని గుండ్రంగా రాసి, ఎదురుగా ఇరవైకి ఇరవై వేసింది. పట్టీ ఆయన చేతిలో పెట్టి బ్యాగు భుజాన వేసుకుంది. వచ్చే ఏడు ఈ మెట్లు ఎక్కేది లేదని ఆమెకు తెలుసు.

"సంతకం పెట్టండి సార్," అని తన పెన్ను కూడా ఇచ్చింది.