ఫ్రిజ్ ప్లగ్గుకు బొట్టు

మదురైలో ఆయుధపూజ. మిక్సీ, గ్రైండరు ప్లగ్గులు పీకి గంధం, కుంకుమ పెట్టింది కయల్‌విళి. ఫ్రిజ్‌కి మాత్రం ఏటా చేసినట్టే, పీకకుండా ప్లగ్గు మీదే బొట్టు పెట్టబోయింది.

“ఇవాళ యంత్రాలన్నిటికీ సెలవైతే అదేం పాపం చేసిందే? పీకు!” కసిరింది అత్త వళ్ళియమ్మై.

“దోసెల పిండి పులిస్తే మళ్ళీ నన్నే తిడతారు అత్తయ్యా,” అని గొణుగుతూ స్విచ్చి ఆపి లాగింది.

రాలేదు. గట్టిగా గుంజితే, కరిగిన ప్లాస్టిక్ జిగురులా సాగుతూ ఊడొచ్చింది. సాకెట్టు లోపలంతా బొగ్గు. పక్కనే గ్యాస్ సిలిండరు.

కయల్‌విళి గబుక్కున సిలిండరు నాబు కట్టేసింది.

“ఇన్నేళ్ళూ దీనికేనా మనం దండం పెట్టింది?” అంది అత్త.

వెనక అంతా మాడిన ఆ ప్లగ్గుకి, ముందువైపు కిందటేటి బొట్టు చెక్కుచెదరలేదు.