మేడ మీది రాళ్లు

పోలింగు నాటి గొడవలో సమ్రీన్ కుడికన్ను పోయింది. ఆ పిల్లకు ఏ పార్టీతోనూ పని లేదు. నకరికల్లు రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే తండ్రి మజీద్‌కు అన్నం క్యారేజీ పట్టుకొని పోతుండగా మేడ మీదనుంచి రాయి వచ్చి తగిలింది.

ఆ మేడ లక్ష్మీనారాయణది. పిల్ల కేక విని అతడు వాకిట్లోకి వచ్చి పైకి చూసినప్పుడు, రెండో రాయి చేతబట్టుకొని పిట్టగోడ వెనుకకు నక్కినవాడు అతని కుమారుడు నవీన్.

ఎన్నికలు వచ్చాయంటే ఆ ఊళ్లో రెండు వర్గాలవారూ మేడల మీదకు రాళ్లు చేరవేసుకోవడం వాడుక. ముందురోజు కూలీలు తట్టలతో తన మెట్లెక్కుతుంటే, వసారాలో పారాయణ చేసుకుంటున్న లక్ష్మీనారాయణ కాళ్లు ముడుచుకొని వారికి దారి ఇచ్చాడు. శ్లోకం మాత్రం ఆపలేదు.

పిల్ల ఆస్పత్రి నుంచి వచ్చాక, కొట్టుకున్న వర్గాలు రెండూ బడి వరండాలో రాజీకి కూర్చున్నాయి.

"ఒకడి పేరెందుకు? ఊరంతా ఇసిరింది, ఊరంతా చందా ఏసుకొని ఇద్దాం," అన్నాడు సర్పంచి. "ఎవురో తెలవదని స్టేషన్లో ఒక్క ముక్క చెప్పు మజీదూ."

"ఊరికి చేతులుంటయ్యా అన్నా?" అన్నాడు మజీద్. "ఇసిరింది ఒక్కడు. వాడు లేచి నేనే అంటే చాలు. మీ చందా నాకొద్దు."

"చానా రాళ్లు ఎగిరినయ్. నీ కూతురికి తగిలినదాని మీద పేరు రాసుందా ఏంది?" అన్నాడు సర్పంచి.

కొందరు నవ్వారు. నవీన్ గోడకానుకొని ఫోను చూసుకుంటున్నాడు.

ఈ రాజీకని ఇంటినుంచి బయలుదేరేటప్పుడే లక్ష్మీనారాయణ చెయ్యి పట్టుకొని ఆపింది భార్య ధనమ్మ. "ఏమయ్యా, నీ నోరు గుళ్లో పురాణానికే ఉంచు. ఒక్కగానొక్క కొడుకు."

చేసిన కర్మ చేసినవాడే అనుభవించాలని ప్రతి ఏకాదశికీ అతడు ఈ మనుషులకే చెప్పాడు. వారు భక్తితో తలలూపారు. ఇప్పుడు ఆ కర్మనే ఇంటింటికీ పంచుతున్నారు.

"మీరొక మాట చెప్పండి పెద్దాయనా. ధర్మం తెలిసినోళ్లు," అన్నాడు సర్పంచి.

లక్ష్మీనారాయణ స్తంభం పట్టుకొని లేచాడు.

"రాయి విసిరింది మా నవీన్. నేను చూశాను. ఆ రాళ్లు మేడెక్కుతుంటే దారిచ్చింది నేను. ఇద్దరి పేర్లూ స్టేషన్లో చెప్తా."

"నాన్నా! నీకేమన్నా పిచ్చా?"

నవీన్ వర్గంవారు ద్రోహి అని కేకలు వేశారు. సంతోషించవలసిన ఎదుటివారు తలలు దించుకున్నారు; వారి మేడలూ ఖాళీగా లేవు.

మజీద్ అతని వైపు తిరిగాడు. "వద్దన్న మాట మెట్ల కాడనే అనుంటే బాగుండేది బాబాయ్," అని లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం జీపు నవీన్‌ను తీసుకుపోయింది. వెంట స్టేషనుకు వెళ్లిన లక్ష్మీనారాయణను పోలీసులు సాక్షిగా మాత్రమే రాసుకున్నారు. "దారిచ్చినందుకు కేసేముంటది పెద్దాయనా!" అని నవ్వారు. అతడు ఇంటికి వచ్చేసరికి ధనమ్మ వంటింటి తలుపు గడియ వేసుకొని ఉంది.

అతడు తట్ట తీసుకొని మేడ ఎక్కాడు. మిగిలిన రాళ్లను కొద్దికొద్దిగా ఎత్తి, ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుంటూ దిగి, వాకిట్లో పోశాడు. మళ్లీ ఎక్కాడు. చుట్టూ ఏ మేడ మీదా కుప్ప తరగలేదు.

ఎదురింటి మేడ మీద ఒకడు తన రాళ్ల మీద టార్పాలిన్ కప్పుతూ కేకేశాడు:

"పారెయ్యమాకండి పెద్దాయనా! పంచాయితీ ఎలక్షన్లకి పనికొస్తయ్."

లక్ష్మీనారాయణ తట్టకోసం వంగాడు.