ఉల్లితీగకు సవరం

కత్తెరమ్మ మాట జుట్టు వింటుంది, మొక్క వినదు. ఆమె పార్లర్ గడప తొక్కిన ఏ కుండీ కూడా నాలుగు కాలాలపాటు బతికి బట్టకట్టలేదు. కారణం ఆమెకు తప్ప అందరికీ తెలుసు. చేతిలో ఎప్పుడూ నీళ్ళ స్ప్రే సీసా ఉంటుంది. కస్టమరు తల తడిపి, తిరుగుతూ తిరుగుతూ పక్కనున్న మొక్కనూ తడిపేస్తుంది. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోదు కదా!

అలాంటి మనిషికి భర్త అక్కగారు తన ఉల్లితీగను అప్పజెప్పిందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఏదైనా ముక్కుసూటిగా మాట్లాడే మనిషి. తమ్ముడి పెళ్ళైన దగ్గర్నుంచీ మరదలి చేతికి తన వస్తువు ఒక్కటీ ఇచ్చి ఎరగదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు కూతురింట్లో ఉండాల్సి రావడంతో, వేరే దారిలేక కుండీ తెప్పించి పార్లర్ కిటికీలో పెట్టించింది.

చూస్తే నవ్వొచ్చే మొక్క. పిడికెడు పచ్చటి దుంప, అచ్చం ఉల్లిపాయే, సగం మట్టి పైనే కూర్చుని ఉంది. దాని నడినెత్తి నుంచి ఒక సన్నటి తీగ లేచి, చిక్కులు చిక్కులుగా అల్లుకుంటూ కమ్మీల మీదికి పాకింది. ఆకులన్న మాటే లేదు.

"కూరలో వేసేవు, విషం. మట్టి బాగా ఎండితేనే నీళ్ళు. ఆ సీసా దాని దగ్గరికి తెచ్చావో, నేనూరుకోను" అంది వదిన.

"నా ప్రాణంలా చూసుకుంటాను వదినా."

"అంత చూడక్కర్లేదు. దాని మానాన దాన్ని వదిలెయ్యి, అదే బతుకుతుంది."

ఆ రోజు కత్తెరమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇన్నాళ్ళకు వదిన నమ్మింది! స్ప్రే సీసాని కిటికీకి దూరంగా, గదికి ఆ చివరనున్న మేకుకు తగిలించింది. తీగ కొసలు కత్తిరించాలని వేళ్ళు దురద పెట్టినా, దువ్వెన తోకతో చిక్కు మాత్రం తీసి ఊరుకుంది.

తీరా ఎండలు ముదిరేసరికి తీగ కొసన పసుపు కనిపించింది. చూస్తుండగానే పైనుంచి కిందిదాకా గడ్డిపోచలా ఎండిపోయింది. కత్తెరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. తనకు తెలియకుండా తన చెయ్యే తడిపేసిందా?

"అక్కకి చెప్పెయ్" అన్నాడు భర్త. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏది పాడైనా కంగారుపడడు.

"చెబితే ఇంకేముంది? జన్మలో మళ్ళీ నా చేతికి చెంచా కూడా ఇవ్వరు."

సరిగ్గా అప్పుడే వదిన ఫోను: "రేపు వీడియోలో నా తీగను చూపించు."

కత్తెరమ్మ ఆలోచించింది. ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే. ఒక సవరం తీసి ఆకుపచ్చ రంగు వేసింది. పాయలు పాయలుగా విడదీసి, సన్నటి రాడ్‌కు చుట్టి ఉంగరాలు తిప్పి, కమ్మీలకు అల్లి, చెదరకుండా హెయిర్ స్ప్రే కొట్టింది. అసలు తీగ కంటే బాగా కుదిరింది. భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు.

మర్నాడు వదిన కళ్ళజోడు పెట్టుకుని ఫోనులోకి వంగింది. "ఇంత ఎండల్లో ఇంత పచ్చగానా?"

"అంతా మీ చలవే వదినా."

ఆ మాట అంటుండగానే మూలనున్న టేబుల్ ఫ్యాను కిటికీ వైపు తిరిగింది. గాలికి తీగ మొత్తం లేచి, నడిమికి పాపిడి తీసినట్టు చక్కగా విడిపోయింది.

కత్తెరమ్మ బావురుమంది. "చంపేశాను వదినా. ఇది సవరం. ఏం తప్పు చేశానో కూడా తెలీదు."

అవతల వదిన నవ్వు మొదలుపెట్టింది. ఏం జరిగిందోనని కూతురు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేంత నవ్వు.

"పిచ్చిదానా! ఏటా ఎండాకాలం తీగ ఎండిపోయి, దుంప పడుకుంటుంది. ఈపాటికి నేనే వచ్చేస్తాననుకుని చెప్పలేదు. దుంప నొక్కి చూడు."

నొక్కింది. "గట్టిగానే ఉంది."

"నీళ్ళెక్కువైతే కుళ్ళి మెత్తబడేది. గట్టిగా ఉందంటే నువ్వు చుక్క కూడా ఎక్కువ పొయ్యలేదన్నమాట."

లెక్కల టీచరు ఇచ్చిన మార్కు అది. కత్తెరమ్మకు ఏడుపు ఇంకా ఎక్కువైంది, అయితే ఈసారి ఆనందం పట్టలేక.

వాతావరణం చల్లబడ్డాక వదిన తన కాళ్ళమీద తనే నడుచుకుంటూ పార్లర్‌కు వచ్చింది. కత్తెరమ్మ కుండీ శుభ్రంగా తుడిచి, తీసుకెళ్ళడానికి వీలుగా అట్టపెట్టెలో సర్ది ఉంచింది. వదిన వంగి చూసింది. దుంప పైపొర కాగితంలా చిట్లి, లోపల ఒకటి కాస్తా రెండయింది. రెండింటికీ నెత్తిన పచ్చటి మొలకలు.

"కుండీ నాకొద్దు" అంది.

సవరం సంగతి ఇంకా మనసులో పెట్టుకుందా అనుకుంది కత్తెరమ్మ.

వదిన పెట్టెలోంచి కుండీ తీసి, మళ్ళీ కిటికీలో పెట్టింది. "ఇక్కడ హాయిగా నిద్ర లేస్తోంది. ఇప్పుడు నేనెందుకు కదపాలి? నీ దగ్గరే ఉండనీ. చూడాలనిపించినప్పుడు నేనే వస్తాను."

"మళ్ళీ ఎప్పుడొస్తారు వదినా?"

"రేపు" అంది వదిన, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంటూ. "ఎల్లుండి కూడా."