కడగని ట్యాంకరు

వెల్డింగు షెడ్డులో బావ ఒక ట్యాంకరు మెట్టుకు చివరి రాడ్డు కాలుస్తుండగా మాస్కు నల్లద్దం అంచున మరో మెరుపు కనబడింది. మాస్కు ఎత్తి చూశాడు. బావమరిది ఒట్టి ముఖంతో, కళ్లు సగం మూసి, గ్లౌజులైనా లేకుండా గేటు కమ్మీ అతుకుతున్నాడు. నాలుగు అంగల్లో వెళ్లి చెంప ఛెళ్లుమనిపించాడు.

"రెండు చుక్కలు అతకడమేగా బావా!" అని అరిచాడు ఆ నలభై ఏళ్లవాడు.

"నా కంటికి ఒక్క రవ్వే చాలిందిరా."

షెడ్డులో ఎవరూ తల ఎత్తలేదు. బావమరిది పిలుపు విని అందరూ ఆయన్ని బావా అనే పిలిచేవారు. ఆ చేతి దెబ్బా అందరూ రుచి చూసినవారే. ఇరవై రెండేళ్ల కిందట గ్రైండరు నుంచి ఇనపరవ్వ ఎగిరి ఎడమ కంట్లో దిగినప్పుడు కళ్లద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి. "నాకు కన్ను కొట్టిన కన్నే పోయింది, పీడా వదిలింది" అంటూ భార్య నవ్వుతూ కట్టు మార్చి, వంటింట్లోకి పోయి ఏడ్చేది. అప్పటినుంచి ఆయన నచ్చజెప్పడం మానేసి కొట్టడం మొదలెట్టాడు. మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు, దెబ్బ మాత్రం గుర్తుంటుందని ఆయన నమ్మకం.

మధ్యాహ్నం షెడ్డు యజమాని రంగుల్లో కలిపే థిన్నర్ మోసే ట్యాంకరొకటి లోపలికి తెప్పించాడు. అడుగున అతుకు కారుతోంది. బావ పైకెక్కి మూత తీసి వాసన చూసి, దగ్గుతూ దిగాడు.

"దీన్ని కడగలేదు, రవ్వ తగిలితే పేలుతుంది. ఆవిరి పట్టి, గాలి ఆడనిచ్చి, రేపు చేద్దాం."

"సాయంత్రానికి బండి కదలాలి. భయమైతే ఇంటికెళ్లి పడుకో."

బావ అతని కాలరు పట్టి ట్యాంకరుకేసి కొట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద కారింది. నలుగురు కలిసి విడదీశారు.

"పో! మళ్లీ ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా!" అని యజమాని అరిచాడు.

బావ తోలు ఆప్రాన్ విప్పి విసిరేసి కుళాయి దగ్గరికి నడిచాడు. యజమాని నెత్తురు తుడుచుకుంటూ బావమరిది వైపు తిరిగాడు. "మాస్కుంది, గ్లౌజులున్నాయి, ఇంకేం భయం నీకు?"

పొద్దుటి చెంపదెబ్బ ఇంకా చురచురలాడుతోంది. ఈసారి బావమరిది ఏ ఒక్కటీ మరవలేదు. అన్నీ తొడుక్కుని, మాస్కు దించి, రాడ్డు బిగించిన హోల్డరు పట్టుకుని ట్యాంకరు కిందికి వంగాడు.

సబ్బు రుద్దుకుంటున్న బావ వెనక్కి తిరిగి చూసి, దాన్ని గట్టు మీద పడేసి కేక పెట్టాడు. జెనరేటరు హోరులో అది ఎవరికీ వినపడలేదు. పరుగెత్తుకొచ్చి, నడుం పట్టి లాగి, అవతల చక్రం చాటుకు తోసేశాడు. హోల్డరు జారి రాడ్డు అతుకును తాకింది.

రేకుల కప్పు లేచిపోయింది. ట్యాంకరు అడుగు చీలి మంట నేలబారున దూసుకొచ్చింది. బావమరిది మాస్కు అద్దం పగిలింది గాని ముఖం దక్కింది. బావ ఒంటిమీద పల్చటి చొక్కా తప్ప ఏమీ లేదు.

ఆసుపత్రిలో భార్యను పోల్చుకుని, "వాణ్ణి తిట్టకు. అన్నీ వేసుకున్నాడు" అన్నాడు. నర్సు సెలైను మార్చడానికి వచ్చేసరికి ఊపిరి ఆగిపోయి ఉంది.

బావమరిది గోడకు చేరగిలబడి, "కడగలేదని బావ చెప్పాడక్కా. విని కూడా వెళ్లాను" అన్నాడు.

ఆమె అతని గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పింది. "కళ్లు కనబడుతున్నాయా?"

"కనబడుతున్నాయక్కా."

ఆమె అప్పుడు కొట్టింది, రెండు చేతులతో, ఓపిక అయిపోయేదాకా. అతను ముఖానికి చేతులు అడ్డు పెట్టుకోలేదు.

షెడ్డులో ఎవరో కుళాయి కట్టేశారు. గట్టు మీద సబ్బుముక్క ఎండి బీటలువారింది. దానిమీద నల్లటి వేలిముద్రలు నాలుగు, లోతుగా దిగి ఉన్నాయి.